విదేశాలకు వెళ్ళాక రోజువారీ ఆరోగ్యం ఎలా మారుతుంది? విశాఖ నుంచి వెళ్ళినవారు చెప్పగలరు

సీతమ్మధార నాన్న

మా అమ్మాయి సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదువు కోసం గ్లాస్గో వెళ్తోంది. సూట్‌కేసు బరువు గురించి, ఆవకాయ కారకుండా ఎలా కట్టించాలన్న దాని గురించి ఇంట్లో రోజూ చర్చ జరుగుతోంది కానీ, అక్కడ ఆమె ఆరోగ్యం ఎలా ఉంటుందన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆమెకు పెద్ద జబ్బులేవీ లేవు. అప్పుడప్పుడు పార్శ్వపు తలనొప్పి వస్తుంది, హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా పదికీ పదకొండుకీ మధ్య ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రి ఉంటుంది కాబట్టి నా సందేహం దాని గురించి కాదు. నిద్ర, ఆకలి, చర్మం, జుట్టు, జలుబు, బరువు వంటి మామూలు విషయాల్లో మీకు ఏ మార్పులు కనిపించాయో, బయలుదేరే ముందు విశాఖలోనే ముగించుకోవలసిన పనులేమిటో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను. భయపెట్టే కథలు మాత్రం వద్దు. అవి చెప్పడానికి బంధువులు ఉన్నారు.

క్లైడ్ ఒడ్డున

మాది ఎంవీపీ కాలనీ, ఉద్యోగరీత్యా గ్లాస్గోలో ఉంటున్నాను. చలికి కోటు కొనుక్కోవాలని అందరూ చెప్తారు కానీ చీకటి సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే గ్లాస్గో దాదాపు 56 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ ఉదయం పావు తక్కువ తొమ్మిదికి తెల్లవారి, మధ్యాహ్నం పావు తక్కువ నాలుగుకే పొద్దు గూకుతుంది. అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా ఎండ కాసినా, చర్మంలో డి విటమిన్ తయారు కావడానికి కావలసిన కిరణాలు ఆ ఎండలో తగినంత ఉండవు. మన చర్మం రంగుకు ఆ తయారీ మరింత నెమ్మదిగా సాగుతుంది. అందుకే శరదృతువు, శీతాకాలాల్లో రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్ల డి విటమిన్ తీసుకోవడం మంచిదని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు అందరికీ సలహా ఇస్తాయి. మనలాంటి చర్మపు రంగు ఉన్నవారిని ఏడాది పొడవునా వేసుకునే విషయం ఆలోచించమంటాయి. ఆ మాత్రలు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా చవకగా దొరుకుతాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఊళ్ళో డాక్టర్లు లోపం ఉన్నవారికి వారానికి ఒకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల గుళికలను కొందరు తల్లులు ప్రేమ కొద్దీ స్ట్రిప్పులకు స్ట్రిప్పులు పెట్టి పంపుతారు. వాటిని రోజువారీ మాత్రలనుకుని మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు ముప్పు వస్తుంది.

రెండో విషయం డాక్టరు దగ్గర నమోదు. ఇల్లు కుదిరిన వారంలోనే దగ్గరలోని జీపీ (ప్రాథమిక వైద్యం చూసే ఆ పేట డాక్టరు) వద్ద పేరు రాయించుకోమనండి. జ్వరం వచ్చిన రోజున నమోదు పత్రాలు నింపడం ఎంత చికాకో అనుభవించినవారికే తెలుస్తుంది. విద్యార్థులు వీసాతో పాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కడతారు కాబట్టి ఆ సేవ దానం కాదు, మొహమాటపడనక్కరలేదు. డాక్టరు రాసిన మందులకు స్కాట్‌లాండ్‌లో డబ్బు తీసుకోరు. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు ఉంటుంది. అర్ధరాత్రి సందేహం వస్తే 111కి, ప్రాణాపాయమైతే 999కి ఫోను చేయాలి. జలుబుకు యాంటీబయాటిక్ రాయలేదని మనవాళ్ళకు ఇక్కడ వచ్చే కోపం మాత్రం అనవసరం. వైరస్ జలుబుకు ఆ మందు ఎక్కడా పనిచేయదు.

మహారాణిపేట వైద్యుడు

నేను జనరల్ మెడిసిన్ వైద్యుడిని. ముందుగా అమ్మాయి హిమోగ్లోబిన్ గురించి చెప్తాను. గర్భం లేని స్త్రీలలో 12 కంటే తక్కువ ఉంటే దానిని రక్తహీనతే అంటారు. ‘ఆడపిల్లలకు అంతే ఉంటుంది’ అని సరిపెట్టుకోవద్దు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), బి12, థైరాయిడ్ పరీక్షలు ఇప్పుడే చేయించి, ఇనుము మాత్రలు మొదలుపెడితే బయలుదేరే నాటికి చాలావరకు సర్దుకుంటుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఊరు మారిన రెండు మూడు నెలలకు చాలామందికి జుట్టు విపరీతంగా రాలుతుంది. ప్రయాణం, నిద్రలేమి, ఆందోళన, తిండి తగ్గడం వంటి ఒత్తిళ్ళకు జుట్టు కుదుళ్ళు కొంత ఆలస్యంగా స్పందిస్తాయి. ఇనుము నిల్వలు ముందే తక్కువగా ఉంటే అది మరింత ఎక్కువవుతుంది. మనవాళ్ళు వెంటనే నీళ్ళను నిందిస్తారు కానీ, గ్లాస్గోకు లాక్ కాట్రిన్ సరస్సు నుంచి వచ్చే నీరు చాలా మెత్తనిది. కఠిన జలం ఉన్నది లండన్‌లో.

పళ్ళ పని ఏదైనా ఉంటే ఇక్కడే ముగించండి. అక్కడ ప్రభుత్వ దంతవైద్యం దొరకడం కష్టం, ప్రైవేటుగా చూపించుకుంటే ఖర్చు ఎక్కువ.

టీకాల వివరాలు ఒక కాగితం మీద డాక్టరు సంతకంతో రాయించుకోండి. నర్సింగు, ఫిజియోథెరపీ వంటి కోర్సులకు వెళ్ళేవారికి క్షయ పరీక్ష అడుగుతారు. మన పిల్లలందరికీ పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చేతి మీద చేసే మాంటూ పరీక్షలో వాపు వచ్చి, లేని క్షయ ఉన్నట్లు కనిపించవచ్చు. ‘ఐజీఆర్‌ఏ’ అనే రక్త పరీక్షకు బీసీజీతో ఈ చిక్కు లేదు. అడిగితే దానినే చేయమని చెప్పండి.

మందుల పేర్ల విషయంలో, డబ్బా మీది కంపెనీ పేరు కాకుండా లోపలి మందు పేరు నేర్పించండి. ఇక్కడి డోలో, క్రోసిన్‌లలో ఉన్న పారాసిటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. జలుబు కోసం కొనే కలగలుపు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి తెలియక రెండింతలు వేసుకుని కాలేయం పాడుచేసుకునే ప్రమాదం ఉంది. మన మెడికల్ షాపుల్లో అడగ్గానే చేతిలో పెట్టే నిమెసులైడ్ అనే నొప్పి మందుకు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అసలు అనుమతే లేదు.

టెక్సాస్‌లో భీమిలివాడు

మా వైపు చీకటి బాధ లేదు, మా బాధ బరువు. విశాఖలో ఉన్నప్పుడు వ్యాయామం అనే మాట నేను ఎన్నడూ వాడలేదు. అయినా భీమిలి బస్సు కోసం పరుగెత్తడం, జగదాంబ దగ్గర దిగి ఆఫీసు దాకా నడవడం, లిఫ్టు పనిచేయని భవనంలో మూడో అంతస్తు ఎక్కడం, సాయంత్రం రైతు బజారు నుంచి రెండు చేతుల సంచులతో ఇంటికి రావడం వల్ల రోజంతా శరీరం కదులుతూనే ఉండేది. ఇక్కడ మా ఇంటి నుంచి కిరాణా దుకాణానికి వెళ్ళే దారిలో కాలిబాట ఒక పచ్చిక మైదానం అంచున ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడి నుంచి అటు రోడ్డు తప్ప మరేమీ లేదు కాబట్టి నడిచే ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో కారు, ఆఫీసులో కుర్చీ, మళ్ళీ కారు. అన్నం మాత్రం భీమిలి కొలతే. శని, ఆదివారాల్లో స్నేహితుల ఇళ్ళలో తలా ఒక వంటకం తెచ్చుకునే విందుల్లో బిర్యానీ రెండు రకాలు, మిఠాయి మూడు రకాలు ఉంటాయి.

ఇక్కడి మామూలు పట్టికలో బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే అంకె) 25 దాటితేనే అధిక బరువు అంటారు. మనలాంటి ఆసియా వారికి 23 దగ్గరి నుంచే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవారికి 23 నుంచే షుగరు పరీక్ష చేయాలని 2015లో మార్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ షికాగోలోనూ ఉన్న దక్షిణాసియా వారిని ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్న మసాలా అనే అధ్యయనంలో మిగిలిన జాతుల కంటే మనవారిలో మధుమేహం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. (పేరు చూసి నవ్వాను, ఫలితాలు చూసి నవ్వలేదు.) కాబట్టి ‘మీ బరువు మామూలే’ అని ఇక్కడి క్లినిక్కులో అన్నప్పటికీ నడుము కొలత, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూడమని మనమే అడగాలి.

ఏడాదికి ఒకసారి చేసే నివారణ పరీక్షకు, బీమా కంపెనీ జాబితాలో (నెట్‌వర్కులో) ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్తే, చాలా బీమాల్లో విడిగా డబ్బు కట్టనక్కరలేదు. అయితే అదే సమయంలో మోకాలి నొప్పి గురించి అడిగితే దానికి వేరే బిల్లు రావచ్చు. విశాఖలో పొద్దున్నే ఏ ల్యాబుకో నడిచి వెళ్ళి రక్తం ఇచ్చి, సాయంత్రం ఫోనులో రిపోర్టు చూసుకునే అలవాటుతో వచ్చినవారికి, ఇక్కడ ప్రతి పరీక్షకూ డాక్టరు చీటీ, బీమా అనుమతి, అపాయింట్‌మెంటు కావలసి రావడం విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగుతోనే చాలామంది పరీక్షలు వాయిదా వేస్తారు.

పాత నగరం

అందరూ ఇక్కడ ఉన్నవి అక్కడ లేవన్నట్లు రాస్తున్నారు. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి పిల్లికూతల ఆయాసం. పాత నగరంలో మా ఇంటి కిటికీ అంచును ఉదయం తడిగుడ్డతో తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ నల్లటి పొడి పేరుకుంటుంది. కెనడా వెళ్ళిన తర్వాత వాడు ఇన్‌హేలరు వాడవలసిన అవసరమే రాలేదు. రోడ్ల మీద ధూళి లేదు, కుళాయి నీరు నేరుగా తాగుతున్నాడు, కడుపు నొప్పి అన్న మాట లేదు. విదేశం ఆరోగ్యానికి చేటు అనే ధోరణి నాకు నచ్చలేదు.

మెల్‌బోర్న్ అక్క

పాత నగరం గారి మాట నిజమే. గాలి, నీరు, రోడ్డు భద్రత విషయాల్లో లాభం ఉంది, కాదనను. అయితే ఇన్‌హేలరు మాత్రం పారవేయించకండి. కొత్త దేశపు పుప్పొడికి శరీరం అలవాటు పడి ఎలర్జీగా మారడానికి కొన్ని వసంతాలు పడుతుంది. మొదటి ఏడాది హాయిగా ఉన్నవారికి నాలుగో అయిదో ఏట ముక్కు కారడం, కళ్ళ దురద మొదలవడం మా తెలుగువారిలో చాలామందికి జరిగింది.

ఇక్కడ 2016 నవంబరు 21 సాయంత్రం జరిగిన సంఘటన తర్వాత మేమెవరమూ దీనిని తేలికగా తీసుకోవడం లేదు. ఆనాటి ఉరుముల గాలివానలో రై గడ్డి పుప్పొడి తేమకు పగిలి సన్నని రేణువులై ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్ళడం వల్ల వేలమంది ఒక్కసారిగా ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఆసుపత్రుల పాలైనవారిలో దక్షిణాసియా, ఆగ్నేయాసియా మూలాలున్నవారు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారని తర్వాతి పరిశీలనల్లో తేలింది. వారిలో చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉన్నట్లు గుర్తించనే లేదు, వసంతంలో తుమ్ములు మాత్రమే ఉండేవి. ఇప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విక్టోరియా ప్రభుత్వం రోజువారీ హెచ్చరిక ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజున గాలివానకు ముందే కిటికీలు మూసి ఇంట్లో ఉంటాం. మన ఆస్తాలిన్ ఇన్‌హేలరులో ఉండే సాల్బుటమాల్‌నే అమెరికాలో అల్బ్యుటరాల్ అంటారు. ఆస్ట్రేలియాలో చీటీ లేకుండానే ఫార్మసీలో అడిగి తీసుకోవచ్చు.

గాజువాక ఫిట్టర్

చదువుల పిల్లల గురించే మాట్లాడుతున్నారు. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారి గురించి కూడా రాయాలనిపించింది. నేను దమ్మాంలో పైపు ఫిట్టరుగా పనిచేసి తిరిగి వచ్చాను. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. మేము ఉన్న చోట ఆ మూడు గంటలూ ఆపేవారు కానీ, పోయిన పనిని పూర్తిచేయడానికి తెల్లవారుజామున నాలుగింటికే లేపేవారు. అంటే ఎండ తగ్గింది, నిద్ర కూడా తగ్గింది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు, మెలకువ కోసం ఎనర్జీ డ్రింకులు అందరి దగ్గరా ఉండేవి. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తక్కువ తాగేవారు. శరీరంలో నీరు తగ్గిన స్థితిలో ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద దెబ్బ తీస్తాయని అక్కడి నర్సు ఒకాయన ప్రతి నెలా చెప్పేవారు, వినేవారు తక్కువ.

మా బావగారిది ఉద్దానం. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసినదే కాబట్టి, అక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారు వీసా కోసం చేసే పరీక్షలతో ఆగకుండా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు సొంతంగా చేయించుకుని వెళ్ళాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులను చీటీ లేకుండా గల్ఫ్ దేశాలకు తీసుకువెళ్తే అది వైద్య సమస్య కాదు, పోలీసు కేసు అవుతుంది.

లాసన్స్‌బే అమ్మమ్మ

నేను మనవరాలి పుట్టుకకు న్యూజెర్సీ వెళ్తున్నాను. షుగరుకు రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటాను, ఉదయం 20 యూనిట్లు. సీసా అయిపోతే అక్కడ కొనుక్కోవచ్చునని అల్లుడు అంటున్నాడు. మందు అదే కదా, ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

మహారాణిపేట వైద్యుడు

అమ్మా, మీరు అడగడం చాలా మంచిదయింది. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడతారు. అమెరికాలో దొరికే సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, దాని సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. అక్కడి సీసా నుంచి మీ పాత ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. కాబట్టి సీసా, సిరంజి ఎప్పుడూ జతగానే మారాలి. మీ డాక్టరుతో మాట్లాడి వెళ్ళే ముందే ఇన్సులిన్ పెన్నుకు మారడం ఇంకా మేలు. ఇక్కడ కూడా పెన్నులో ఉండేది సాధారణంగా 100 యూనిట్ల మందే.

ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానం అడుగున సరుకుల గదిలో గడ్డకడితే మందు పనికిరాదు. డాక్టరు ఉత్తరం, సరిపడా మందు దగ్గర పెట్టుకోండి. సందర్శకుల బీమాల్లో చాలావాటికి ఇంతకుముందే ఉన్న జబ్బుల ఖర్చు వర్తించదు కాబట్టి పాలసీలో ఆ పేరా మీ అల్లుడు గారితో చదివించుకోండి.

న్యూజెర్సీలో షుగరు అంకెలు మనలాగే ఉంటాయి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో మాత్రం కొలమానం వేరు. మన 180 అక్కడ 10. మన అంకెను 18తో భాగించుకోవాలి.

లాసన్స్‌బే అమ్మమ్మ

సిరంజి సంగతి మా అల్లుడికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. చాలా కృతజ్ఞతలు బాబూ.

క్లైడ్ ఒడ్డున

నిద్ర గురించి ఎవరూ రాయలేదు. వేసవిలో ఇక్కడికీ విశాఖకూ నాలుగున్నర గంటల తేడా, చలికాలంలో అయిదున్నర. అమెరికాలో ఉన్నవారికి రాత్రి పగలై ఇంటితో మాట్లాడే వేళే నిద్రను తింటుంది కానీ, బ్రిటన్‌లో ఆ ఇబ్బంది తక్కువ. ఇక్కడి పిల్లల నిద్ర చెడేది గిడ్డంగుల్లో, వృద్ధాశ్రమాల్లో రాత్రి పాళీ పని వల్ల. రాత్రి పనిచేసి, చీకట్లోనే పడుకుని, మళ్ళీ చీకట్లోనే లేస్తే నవంబరు నుంచి మనసు మందగిస్తుంది, తీపి మీద యావ పెరుగుతుంది, తరగతికి వెళ్ళబుద్ధి కాదు. ఇలా రుతువును బట్టి వచ్చే కుంగుబాటును వైద్యులు 1984 నుంచి ఒక జబ్బుగా వర్ణిస్తున్నారు; ఉదయం పూట 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం ముందు అరగంట కూర్చోవడం దానికి ఒక చికిత్స. దీపం కొనకపోయినా, మధ్యాహ్నం పన్నెండింటికి మబ్బు పట్టి ఉన్నా సరే బయట నడవమనండి. ‘ఎలా ఉన్నావు’ అని అడిగితే పిల్లలు ‘బాగానే ఉన్నాను’ అంటారు. ‘నిన్న ఎన్నింటికి లేచావు, ఏం వండుకున్నావు’ అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

టెక్సాస్‌లో భీమిలివాడు

సెలవులకు విశాఖ వచ్చేటప్పటి సంగతి కూడా కలుపుతాను. పుట్టి పెరిగిన ఊరే కదా అని మేము టీకాలు పట్టించుకోము. కానీ కొన్నేళ్ళు దూరంగా ఉంటే మలేరియాను కొంత తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, అక్కడ పుట్టిన పిల్లలకు అది మొదటి నుంచీ ఉండదు. అరకు, పాడేరు వైపు వెళ్ళేవారు దోమల జాగ్రత్త గురించి డాక్టరును ముందే అడగాలి. టైఫాయిడ్‌కు హైదరాబాదులోనే తయారయ్యే కాంజుగేట్ టీకా ఉంది. బీచ్‌రోడ్డు మురీ మిక్చరు తినవద్దని మా పిల్లలకు చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి టీకా వేయించి తీసుకువస్తాను.

సీతమ్మధార నాన్న

అడిగినదానికంటే ఎక్కువే తెలిసింది, అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారిని ఒక్క మాట అడగాలి. పార్శ్వపు తలనొప్పికి మా అమ్మాయి ఇక్కడ మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర ఏదో వేసుకుంటుంది. అట్ట వెనుక చూస్తే మీరు చెప్పిన నిమెసులైడ్, పారాసిటమాల్ కలిపి ఉన్నాయి. వాటిని ఏడాదికి సరిపడా కొని పంపాలని మా ఆవిడ అంటోంది.

మహారాణిపేట వైద్యుడు

పంపవద్దు. అక్కడ పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. అధిక మోతాదును అరికట్టడానికి దుకాణాల్లో ఒక్కో పెట్టెలో 16 మాత్రలే అమ్ముతారు, అది చూసి కంగారు పడవద్దు. వాటితో తగ్గకపోతే సుమాట్రిప్టాన్ అనే మందును ఫార్మసిస్టు ప్రశ్నలు అడిగి ఇస్తారు, లేదా జీపీ రాస్తారు. నెలలో పది పదిహేను రోజులు నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ మాత్రల వల్లనే తలనొప్పి వస్తుంది కాబట్టి ఎప్పుడు వచ్చింది, ముందు రాత్రి ఎంత నిద్రపోయింది, నెలసరి ఎప్పుడు అన్నవి ఒక పుస్తకంలో రాయడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. ఆ పుస్తకం అక్కడి డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది.

సీతమ్మధార నాన్న

మంచిది. ఫెరిటిన్, బి12, థైరాయిడ్‌లకు ఈ ఉదయమే రక్తం ఇచ్చి వచ్చాము. కింది దవడలో జ్ఞానదంతం ఒకటి అడ్డంగా ఉందని దంతవైద్యుడు చెప్పారు. తీయించాలా, వదిలేయాలా అన్నది ఎక్స్‌రే చూశాక తేలుతుందట. రిపోర్టులు రాగానే ఇక్కడే రాస్తాను.